బొటనవేలు ఆగకూడదు: గిటార్ మీద బ్లూస్ నేర్చుకునేవాళ్ల కోసం

గిటార్ నేర్పే చోట బ్లూస్ గురించి తరచూ ఒక మాట వినిపిస్తుంది: మూడు కార్డులు, పన్నెండు బార్లు, అంతే. ఆ మాట అబద్ధమేమీ కాదు. రోజూ అరగంట కూర్చుంటే నెల తిరక్కముందే ఎవరికైనా ఆ మూడు కార్డులు పట్టుబడతాయి. కానీ పాడేవాళ్ల గొంతు ఆగినచోట తీగ ఎందుకు మాట్లాడుతుంది? ఎడమచేతి వేలు స్వరాన్ని కాస్త పక్కకు ఎందుకు నెడుతుంది? కుడిచేతి బొటనవేలు పాట పొడుగునా ఆగకుండా ఎందుకు కొడుతూనే ఉంటుంది? ఈ ప్రశ్నలకు జవాబు మ్యూజిక్ క్లాసులో దొరకడం కష్టం. అది మిసిసిపీ పత్తి చేలల్లో ఉంది. అందుకే ఈ వ్యాసంలో మేము చేతి పనినీ చరిత్రనీ విడదీయకుండా చెబుతున్నాం. రెండూ కలిపి నేర్చుకుంటేనే బ్లూస్ వస్తుందని మా నమ్మకం.

పత్తి చేలు, అప్పు పుస్తకం, జైలు

అమెరికాలో బానిసత్వం 1865లో చట్టప్రకారం రద్దయింది. అదే ఏడాది చివర్లో మిసిసిపీ రాష్ట్రం కొత్త చట్టాలు తెచ్చింది. నల్లవాళ్లు ఏటా జనవరిలో తమకు పని ఉందని కాగితం చూపించాలి. చూపించలేకపోతే 'సోమరితనం' నేరం కింద జరిమానా. జరిమానా కట్టలేనివాళ్లను, ఆ డబ్బు కట్టిన భూస్వామి పనికి తీసుకుపోతాడు. పేరు మారింది, పని మారలేదు. తర్వాత పాలు వ్యవసాయం వచ్చింది. భూమి దొరది, విత్తనం దొరది, సరుకులిచ్చే కొట్టూ దొరదే. పంట చేతికొచ్చాక లెక్క రాసేదీ దొరే. ఏడాదంతా పత్తి ఏరిన కుటుంబానికి చివరికి మిగిలేది ఎక్కువసార్లు అప్పే. పాలేర్లు, జీతగాళ్లు, అప్పు పుస్తకాల సంగతి మన తాతల నోట విన్నవాళ్లకు ఇది వేరే దేశం కథలా అనిపించదు.

ఈ నేల మీదే, పందొమ్మిదో శతాబ్దం చివర బ్లూస్ రూపు కట్టింది. 1895లో మొదలైన డాకరీ అనే పత్తి ఎస్టేట్‌లో చార్లీ ప్యాటన్ పెరిగాడు. డెల్టా బ్లూస్‌కు దారి వేసిన గిటారిస్టుల్లో ఆయన ముందువరసలో ఉంటాడు. 1901లో మొదలైన పార్చ్‌మన్ జైలు అసలు జైలుకంటే ఎక్కువగా ఒక పెద్ద పత్తి తోట. ఖైదీలే కూలీలు. గొడ్డళ్ల దెబ్బకు, పలుగుల దెబ్బకు కలిపి పాడే పని పాటలు అక్కడ చాలాకాలం బతికాయి. గొప్ప గిటారిస్టులైన సన్ హౌస్, బుకా వైట్ ఇద్దరూ ఆ జైల్లో శిక్ష అనుభవించినవాళ్లే.

డబ్ల్యూ.సి. హ్యాండీ అనే నల్లజాతి బ్యాండ్ మాస్టర్ 1903 ప్రాంతంలో టట్‌వైలర్ రైల్వే స్టేషన్లో ఒక పేదవాడు గిటార్ తీగల మీద కత్తి ఆనించి వాయిస్తుంటే విన్నానని తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ వాయించినవాడి పేరు మనకు తెలియదు. హ్యాండీ పేరు మాత్రం 'బ్లూస్ పితామహుడు'గా నిలిచింది. 1920లో మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని రికార్డు చేసిన 'క్రేజీ బ్లూస్' విపరీతంగా అమ్ముడుపోయాక గానీ, నల్లవాళ్లు కూడా రికార్డులు కొంటారని కంపెనీలకు అర్థం కాలేదు.

అక్కడ డోలు లాక్కున్నారు, ఇక్కడ డప్పు మెడకు కట్టారు

1739లో సౌత్ కరోలినాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. డోళ్లు మోగిస్తూ, తోటివాళ్లను పిలుస్తూ నడిచారు. తిరుగుబాటును అణచివేశాక 1740లో తెచ్చిన చట్టం బానిసలకు డోళ్లను, బూరలను నిషేధించింది. డోలు కబురు మోస్తుందని దొరలకు తెలుసు. డోలు పోయినా లయ పోలేదు. చప్పట్లలోకి, తొడ మీద దెబ్బలోకి, నేలమీద కాలి దెబ్బలోకి చేరింది. తరతరాల తర్వాత చేతికి గిటార్ వచ్చినప్పుడు ఆ తీగల వాద్యాన్ని కూడా సగం డోలులాగే వాయించారు.

మన దగ్గర జరిగింది పైకి దీనికి తిరగబడ్డ కథ. ఇక్కడ డప్పును లాక్కోలేదు, మెడకు కట్టారు. చావుకూ జాతరకూ చాటింపుకూ కొట్టడం కులధర్మమన్నారు, కూలి ఇవ్వకపోయినా కొట్టాల్సిందే అన్నారు. కానీ రెండు చోట్లా సూత్రం ఒకటే: ఎవరు ఎప్పుడు మోగాలో పైవాడే నిర్ణయిస్తాడు. అందుకే డప్పు కొట్టం అని తెగేసి చెప్పిన ఊళ్లదీ ఆత్మగౌరవమే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా డప్పునే పోరాట గుర్తుగా ఎత్తుకోవడమూ ఆత్మగౌరవమే. వాద్యం ఒకటే, వాయించమన్నది ఎవరన్నదే తేడా.

మొదటి పాఠం: బొటనవేలు

ఇక గిటార్ తీసుకోండి. అకూస్టిక్ అయితే చాలు, ఖరీదైనది అక్కర్లేదు. పాత బ్లూస్ గాయకులు చాలామంది పోస్టులో తెప్పించుకున్న చవక గిటార్ల మీదే వాయించారు. సెకండ్‌హ్యాండ్‌ది కొంటే రెండు చూడండి. మెడ వంగి ఉండకూడదు. పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య దూరం మూడు మిల్లీమీటర్లు మించకూడదు. మించితే వేళ్లు నొప్పి పుట్టి వారంలో వదిలేస్తారు. స్టీలు తీగల్లో సన్నవి, అంటే మొదటి తీగ 0.010 లేదా 0.011 అంగుళం ఉన్న సెట్టు వేయించుకోండి.

ఫ్రెట్‌ను మేము మెట్టు అనే అంటున్నాం. డక్కలి కళాకారుల పన్నెండు మెట్ల కిన్నెర మనకు ముందే ఆ మాట ఇచ్చింది. ఆ కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. తీగల వాద్యం మనకు పరాయిది కాదు.

అతి సన్న తీగ ఒకటోది, అతి లావు తీగ ఆరోది. ఫోన్లో ఉచితంగా దొరికే ట్యూనర్‌తో శ్రుతి చేసుకోండి. తర్వాత ఎడమచేతిని పూర్తిగా మరిచిపోండి. కుడి అరచేతి అంచును తీగలు బ్రిడ్జిని తాకేచోట తేలిగ్గా ఆనించండి. బొటనవేలితో ఆరో తీగను కొట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. శబ్దం మోగుతూ సాగకూడదు, డప్పు మీద మెత్తటి దెబ్బలా పొట్టిగా, లావుగా పడాలి. కాలితో నేలమీద అదే లయ కొట్టండి. అయిదు నిమిషాలు ఆగకుండా కొట్టగలిగితే సగం బ్లూస్ వచ్చినట్టే. బిగ్ బిల్ బ్రూంజీ, లైట్నిన్ హాప్‌కిన్స్ లాంటివాళ్ల వాయింపుకు ఇదే పునాది.

ఇప్పుడు నడక మార్చాలి. ఒక్కో దెబ్బ లోపల 'తకిట' అనుకోండి. 'త' దగ్గర కొట్టండి, 'కి' వదిలేయండి, 'ట' దగ్గర కొట్టండి. త-ట, త-ట, త-ట, త-ట. దీన్నే షఫుల్ అంటారు. రెండు దెబ్బలూ సమానంగా పడితే అది మార్చింగ్ అవుతుంది. మొదటిది పొడవుగా, రెండోది పొట్టిగా పడితే బ్లూస్ అవుతుంది.

ఇది నేర్చుకునేటప్పుడు మాకు మళ్లీ మళ్లీ ఏకలవ్యుడు గుర్తొస్తాడు. గురువు లేకుండా నేర్చుకున్నవాడి దగ్గర బొటనవేలే ఎందుకు అడిగారో బ్లూస్ వాయించేవాళ్లకు బాగా తెలుస్తుంది.

మూడు కార్డులు, పన్నెండు బార్లు

మూడు కార్డులు ఇవి. 'ఇ సెవెన్': అయిదో తీగ రెండో మెట్టు, మూడో తీగ మొదటి మెట్టు నొక్కాలి, మిగతావి ఖాళీ. బొటనవేలు ఆరో తీగ మీద. 'ఎ సెవెన్': నాలుగో తీగ రెండో మెట్టు, రెండో తీగ రెండో మెట్టు. బొటనవేలు ఖాళీ అయిదో తీగ మీద. 'బి సెవెన్' కొంచెం కష్టం: అయిదో తీగ రెండో మెట్టు, నాలుగో తీగ మొదటి మెట్టు, మూడో తీగ రెండో మెట్టు, ఒకటో తీగ రెండో మెట్టు. రెండో తీగ ఖాళీ. బొటనవేలు అయిదో తీగ మీద, ఆరో తీగను ముట్టకూడదు.

బార్ అంటే నాలుగు దెబ్బలు. మొదటి నాలుగు బార్లు 'ఇ సెవెన్'. తర్వాతి రెండు 'ఎ సెవెన్', మళ్లీ రెండు 'ఇ సెవెన్'. తొమ్మిదో బార్ 'బి సెవెన్', పదోది 'ఎ సెవెన్', పదకొండోది 'ఇ సెవెన్'. పన్నెండో బార్లో 'బి సెవెన్'కు వచ్చి మళ్లీ మొదటికి తిరగాలి.

ఈ పన్నెండు బార్లు మూడు పాదాల పాటకు సరిపోతాయి. మొదటి పాదం పాడతారు, రెండో పాదంగా అదే మాట మళ్లీ పాడతారు, మూడో పాదంలో జవాబో ఎత్తిపొడుపో వస్తుంది. ఒక్కో పాదానికి నాలుగు బార్లు. గొంతుకు సుమారు రెండు, గిటార్‌కు రెండు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునే పద్ధతి ఇది. పొలంలో, జైల్లో గుంపుగా చేసిన పని ఇది. బ్లూస్ గాయకుడు ఒంటరివాడు. అందుకునే గుంపు లేదు. ఆ గుంపు స్థానంలో గిటార్ వచ్చి కూర్చుంది. నాట్లేసేటప్పుడు పాటను అందుకోవడం చూసినవాళ్లకు ఈ పద్ధతి వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పన్నెండు అనేది పుస్తకాలు బిగించిన లెక్క. జాన్ లీ హుకర్, హాప్‌కిన్స్ మాట పూర్తయినప్పుడే కార్డ్ మార్చేవాళ్లు. అది పదకొండు బార్లకు రావచ్చు, పదమూడున్నరకు రావచ్చు. ముందు పన్నెండు నేర్చుకోండి, తర్వాత మాట వెంట వెళ్లండి.

మెట్ల మధ్య ఉండే స్వరం

బొటనవేలు ఆగకుండా కొడుతుండగా మిగతా వేళ్లతో పాట వాయించాలి. మొదట అయిదు స్వరాలు చాలు. ఒకటో తీగ ఖాళీ, మూడో మెట్టు. రెండో తీగ ఖాళీ, మూడో మెట్టు. మూడో తీగ ఖాళీ, రెండో మెట్టు. ఈ ఆరు చోట్ల అయిదు స్వరాలే ఉన్నాయి, మూడో తీగ ఖాళీ స్వరమే ఒకటో తీగ మూడో మెట్టు దగ్గర పైస్థాయిలో వస్తుంది. ఏ వరుసలో వాయించినా తప్పు వినిపించదు.

'ఇ'ని షడ్జమం అనుకుంటే, మూడో తీగ ఖాళీగా సాధారణ గాంధారం, మొదటి మెట్టు దగ్గర అంతర గాంధారం. యూరప్ సంగీతం ఒకటి దుఃఖమనీ ఒకటి సంతోషమనీ విడదీసింది. బ్లూస్ గాయకులు ఆ రెంటి మధ్యలో పాడారు. పియానోలో ఆ స్వరానికి మెట్టే లేదు. గిటార్ మీద రెండు దారులున్నాయి. మూడో తీగ ఖాళీగా మీటి వెంటనే మొదటి మెట్టు మీద వేలు గట్టిగా దించండి. లేదా ఒకటో తీగ మూడో మెట్టు దగ్గర నొక్కి, వేలితో తీగను కొద్దిగా, వెంట్రుకవాసి పక్కకు నెట్టండి. అదే బ్లూ నోట్. పాశ్చాత్య చెవికి అది అపశ్రుతి. దాన్ని అపశ్రుతి అన్నవాళ్లే తర్వాత దాన్నుంచి జాజ్, రాక్ సంగీతాలు నేర్చుకున్నారు.

సీసా మెడ

మిసిసిపీలో పిల్లలు చీపురు కట్టిన తీగను విప్పి, ఇంటి గోడకు మేకులతో బిగించి, కింద సీసా ఇరికించి, మరో సీసాతో జరుపుతూ వాయించేవాళ్లు. దాన్ని డిడ్లీ బో అంటారు. గిటార్ కొనలేని ఇంటి మొదటి వాద్యం అది. బైండ్లవాళ్ల జమిడికలో ఒక్క తీగ ఎంత పలుకుతుందో విన్నవాళ్లు ఆ శబ్దాన్ని ఊహించుకోగలరు.

గిటార్ మీద అదే పనికి స్లైడ్ అని పేరు. ఆరో తీగను, ఒకటో తీగను 'ఇ' నుంచి 'డి'కి, అయిదో తీగను 'ఎ' నుంచి 'జి'కి దించండి. ఇక ఏమీ నొక్కకుండానే గిటార్ ఒక కార్డ్ పలుకుతుంది. చిటికెన వేలికి గాజు గొట్టమో లోహపు గొట్టమో తొడగండి. గాజు సీసా మెడ వాడితే అంచు బాగా నునుపు చేయాలి. తీగను నొక్కకుండా, మెట్టు మధ్యలో కాకుండా సరిగ్గా మెట్టు కమ్మీ మీదికి ఆనించండి. అయిదో మెట్టు రెండో కార్డ్, ఏడో మెట్టు మూడో కార్డ్. వెనకవేళ్లు తీగల మీద తేలిగ్గా ఆని ఉంటే గరగర పోతుంది.

దయ్యం కథ ఎవరికి పనికొస్తుంది?

రాబర్ట్ జాన్సన్ 1936లో సాన్ ఆంటోనియోలో, 1937లో డాలస్‌లో కలిపి 29 పాటలు రికార్డు చేసి, 1938లో ఇరవయ్యేడేళ్లకే చనిపోయాడు. నాలుగు రోడ్ల కూడలిలో దయ్యానికి ఆత్మను అమ్ముకుని గిటార్ విద్య సంపాదించాడని ఆయన మీద కథ ఉంది. సినిమాలు, టీషర్టులు ఇంకా ఆ కథనే అమ్ముకుంటున్నాయి. నిజానికి జాన్సన్ కొంతకాలం ఐక్ జిమ్మర్‌మన్ అనే నల్లజాతి గిటారిస్టు దగ్గర నేర్చుకున్నాడు. రాత్రుళ్లు ఎవరికీ అడ్డురాని శ్మశానంలో కూర్చుని సాధన చేసేవాళ్లని ఆ కుటుంబం చెప్పింది. గురువు ఉన్నాడు, సాధన ఉంది. కథలో మాత్రం దయ్యం మిగిలింది.

ఇది మనకు తెలిసిన ఎత్తుగడే. అణగారినవాళ్ల విద్యను ఒప్పుకోక తప్పనప్పుడు దాన్ని శ్రమ అని అనరు. అక్కడ దయ్యం ఇచ్చిందంటారు, ఇక్కడ 'వాళ్ల రక్తంలోనే ఉంది' అంటారు. డప్పు రక్తంలో ఉందన్నవాళ్లే చదువు రక్తంలో లేదని కూడా అంటారు. ఆ మెచ్చుకోలుకూ ఈ అవమానానికీ వేరు ఒకటే. గిటార్ ముందు రోజూ కూర్చుని వేళ్లు కాయలు కాసినవాళ్లకు అర్థమయ్యే విషయం ఇదే: లయ రక్తంలో ఉండదు, సాధనలో ఉంటుంది. అందుకే ఎవరైనా నేర్చుకోవచ్చు.

ఎవరి పాట, ఎవరి డబ్బు

ఎలిజబెత్ కాటెన్ 1893లో నార్త్ కరోలినాలో పుట్టింది. చిన్నప్పుడే తెల్లవాళ్ల ఇళ్లలో పనికి కుదిరి, కూడబెట్టిన డబ్బుతో గిటార్ కొనుక్కుంది. ఆమెది ఎడమచేతి వాటం. గిటార్‌ను తీగలు మార్చకుండా తిప్పి పట్టుకుని, వేళ్లతో కింది స్వరాలు, బొటనవేలితో పాట వాయించింది. అంటే అందరికీ తలకిందులుగా. పెళ్లి, చర్చి, పాచిపని మధ్య దశాబ్దాలపాటు గిటార్ ముట్టలేదు. పని చేసే ఇల్లు సంగీతకారులది కావడంతో గోడకున్న గిటార్ తీసుకుని మళ్లీ మొదలుపెట్టింది. మొదటి ఆల్బమ్ 1958లో వచ్చింది, అప్పటికి ఆమెకు అరవై దాటాయి. చిన్నతనంలో కట్టిన 'ఫ్రైట్ ట్రెయిన్' పాట బ్రిటన్‌లో వేరేవాళ్ల పేరుమీద హిట్టయింది. ఆ పాట మీద తన హక్కు కోసం ఆమె పోరాడాల్సి వచ్చింది. 1985లో గ్రామీ అందుకుంది.

ఆర్థర్ క్రూడప్‌కు అది కూడా దక్కలేదు. 1946లో ఆయన రికార్డు చేసిన 'దట్స్ ఆల్ రైట్' పాటతోనే 1954లో ఎల్విస్ ప్రెస్లీ ప్రయాణం మొదలైంది. క్రూడప్ మాత్రం కూలి పనులు చేసుకుంటూ, రావాల్సిన రాయల్టీ కోసం ఎదురుచూస్తూ 1974లో చనిపోయాడు. కాబట్టి ఈ పాటలు వాయించే మనకు ఒక నియమం ఉండాలి. పాట ఎవరిదో, ఆ పట్టు ఎవరి దగ్గర నేర్చుకున్నామో వేదిక మీద పేరు చెప్పి వాయించాలి. మన పాటలు కట్టినవాళ్ల పేర్లు చెరిపేసి, సినిమాల్లో 'జానపదం' అని వేసుకున్న చరిత్ర మనకు తెలుసు.

మనకెందుకు?

మనకు పాటల కరువు లేదు కదా, బ్లూస్ ఎందుకని అడిగే కార్యకర్తలుంటారు. న్యాయమైన ప్రశ్నే. బంధం మాత్రం కొత్తది కాదు. అంబేడ్కర్ 1913 నుంచి 1916 వరకు న్యూయార్క్‌లో చదివారు. 1946లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయ్స్‌కు ఉత్తరం రాసి, నల్లజాతివాళ్లు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన విన్నపం ప్రతి అడిగారు. ఆ డుబోయ్సే 1903లో అచ్చయిన తన పుస్తకంలో ప్రతి అధ్యాయం నెత్తినా నల్లవాళ్ల శోకగీతాల స్వరాలు ముద్రించాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తమ పేరునే అక్కడి బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నారు.

ఇంకో కారణం ఉంది. మన ఉద్యమ పాట 'మనం' అంటుంది. వెయ్యిమందిని నడిపించడానికి అది కావాలి. బ్లూస్ 'నేను' అంటుంది. అద్దె గది దొరకనివాడు, హాస్టల్ మెస్‌లో పక్క కుర్చీ ఖాళీగా మిగిలిపోయినవాడు, ఊరికి ఫోన్ చేసి అంతా బాగుందని అబద్ధం చెప్పే అమ్మాయి రాత్రి పూట పాడుకోగలిగే పాట అది. క్యాంపస్‌లలో ఒంటరితనం మన పిల్లల ప్రాణాలు తీసింది. గిటార్ దానికి మందు అని మేము అనడం లేదు. ఆ ఒంటరితనానికి కారణమైనవాళ్లను నిలదీసే పని పాట చేయలేదు, సంఘమే చేయాలి. కానీ బాధను మాటగా పెట్టడం, అదే మాట రెండోసారి ధైర్యంగా అనడం, మూడో పాదంలో దానికి తిరిగి జవాబివ్వడం ఈ పన్నెండు బార్లు నేర్పుతాయి.

మొదటి నెల ఇలా చేయండి. మొదటి వారం బొటనవేలు మాత్రమే. రెండో వారం మూడు కార్డులు, బొటనవేలు ఆపకుండా. కార్డ్ ఆలస్యమైనా పర్లేదు, దెబ్బ ఆగకూడదు. మూడో వారం ఖాళీ బార్లలో రెండేసి స్వరాలు. నాలుగో వారం మీ మాటలతో, మీ యాసలో మూడు పాదాలు కట్టండి: ఒకటి చెప్పండి, అదే మళ్లీ చెప్పండి, జవాబు చెప్పండి. కూలి రేటు గురించైనా సరే, ఆగిపోయిన స్కాలర్‌షిప్ గురించైనా సరే. వినడానికి మిసిసిపీ జాన్ హర్ట్‌తో మొదలుపెట్టండి. ఆయన 1928లో రికార్డు చేసి, డబ్బు రాక ఊరికి తిరిగి వెళ్లి పొలం పనులు చేసుకున్నాడు. 1963లో వెతుక్కుంటూ వచ్చినవాళ్ల చేతిలో గిటార్ తీసుకుని మళ్లీ వాయించాడు. ఆ తర్వాత మెంఫిస్ మిన్నీని వినండి. ఆడవాళ్లు పాడతారు గానీ గిటార్ వాయించరనే మాటకు ఆమె వేళ్లే జవాబు. ఇద్దరినీ వినేటప్పుడు పాటను కాసేపు పక్కన పెట్టి, కింద ఆగకుండా నడిచే బొటనవేలిని వినండి.